బాంబరు విమానముల మలిబ్రతుకు



1948వ సంవత్సరమున వానకాలపు రాత్రులయందు బీదరు, వరంగల్లు ప్రాంతముల ఆకాశమున నాలుగు ఇంజనుల విమానములు కొన్ని వచ్చిపోవుచుండెను. అవి పశ్చిమ సముద్రము మీదుగా కరాచీనుండి వచ్చెడివి. సరుకు దించి, తెల్లవారకముందే వెడలిపోయెడివి. పొలముల కావలి మంచెలపై పండుకొన్న రైతులకు ఆ మోత వినబడియే యుండును. అది ఏమి మోతయో, ఎవరి మోతయో వారికి తెలిసియుండదు. ఆ విమానముల పేరు లాంకాస్ట్రియను. ప్రయాణికులకొరకు మార్చబడిన విమానమని వాని పత్రములలో వ్రాయబడియుండెను. ఐనను వాని పుట్టుక వేరు. అంతకు మూడేండ్ల క్రితము జర్మనీ నగరములను దగ్ధము చేసిన లాంకాస్టరు బాంబరుకు అవి సొంత బిడ్డలు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఈ పెద్ద బాంబరులు ఎవరెవరి చేతులలోనికి పోయినవి, వానితో ఎవరేమి చేసిరి అను సంగతిని నేడు చెప్పదలచితిమి. ఇది దూరదేశపు కథవలె తోచవచ్చును. కాని దీనిలోని రెండు ముఖ్యమైన అధ్యాయములు మన దేశమున జరిగినవి, అందొకటి మన హైదరాబాదు సంస్థానముననే జరిగినది.

మొదట ఆ విమానమును గూర్చి కొంచెము. లాంకాస్టరును ఇంగ్లండులో ఆవ్రో కంపెనీవారు నిర్మించిరి. దాని రూపకర్త రాయ్ చాడ్విక్. 1941 జనవరి 9వ తేదీన అది మొదటిసారి పైకెగిరెను. రెక్కల కొననుండి కొనకు 102 అడుగులు. నాలుగు మెర్లిన్ ఇంజనులు. పని చేయువారు ఏడుగురు. సాధారణముగా 14,000 పౌనుల బాంబులను మోయగలదు. అనగా నూరు కిలోల బియ్యపు బస్తాలు 63 ఎక్కించినట్లు లెక్క. మార్పులు చేసిన కొన్ని విమానములు 22,000 పౌనుల బాంబును ఒక్కదానినే మోసినవి. మొత్తము 7,377 విమానములు తయారైనవి. ఈ లెక్కల ప్రక్కనే మరియొక లెక్కను కూడ చెప్పవలెను. బ్రిటిషు బాంబరు కమాండునందు ఆకాశయానము చేసినవారు ఇంచుమించు 1,25,000 మంది. వారిలో 55,573 మంది తిరిగి రాలేదు. వారి బాంబులకు హాంబర్గు, డ్రెస్డెను వంటి పట్టణములలో బలియైన స్త్రీలు, పిల్లలు, వృద్ధులు ఈ లెక్కలో లేరు.

ఇక రెండవది లిబరేటరు. ఇది అమెరికావారి నిర్మాణము. శాండియేగోలోని కన్సాలిడేటెడ్ కంపెనీవారు చేసిన దీని తొలి నమూనా 1939 డిసెంబరు 29వ తేదీన ఎగిరెను. యుద్ధకాలమున 18,000కు పైగా లిబరేటరులు తయారైనవి. ఏ దేశమునందును మరియే బాంబరును ఇంత సంఖ్యలో తయారు కాలేదు. మోటారుకార్ల ఫోర్డు కంపెనీవారు విల్లోరన్ అనుచోట ఒక మహాకర్మాగారము కట్టి, పని ముమ్మరముగా సాగిన దినములలో గంటకొక విమానము చొప్పున వెలుపలికి పంపిరి. లిబరేటరు చూపులకు అందగత్తె కాదు. బొద్దుగా పెట్టెవంటి ఒడలు, దానిపైన సన్నని పొడవైన రెక్క, వెనుక రెండు గుండ్రని తోకలు. అందము ఎట్లున్నను ఆ సన్నని రెక్క మహిమచేత అది బహుదూరము పోగలదు. అట్లాంటిక్ నడుమ అంతవరకు ఏ విమానమునకును అందక జర్మను జలాంతర్గాములు స్వేచ్ఛగా వేటాడుచుండిన భాగమును 1943లో మూసివేసిన ఖ్యాతిలో పెద్ద పాలు దీనిదే.

మన తీరమునకు కూడ లిబరేటరుతో సంబంధము కలదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను బాంబులు వేసినవి. తీరమున ఊళ్లు ఖాళీయైన సంగతిని మన పెద్దలు చెప్పగా విన్నవారు శ్రోతలలో నేటికిని ఉందురు. ఆ తరువాత కటకమునుండియు, మద్రాసు ప్రక్కనున్న సెయింట్ థామసు మౌంటునుండియు బ్రిటిషు వాయుసేన లిబరేటరులు బంగాళాఖాతమును గాలించుచు ఓడలకు కావలి కాచినవి. ఈ రెండు చోట్ల నడుమనున్నది మన కోస్తాయే గదా!

యుద్ధము ముగిసెను. ఇన్ని వేల విమానములను ఏమి చేయవలెను? వానిలో చాల భాగమును కరగించి అల్యూమినియము దిమ్మలుగా పోసిరి. మిగిలినవానిని కొన్ని దేశముల సేనలు తీసికొన్నవి. కెనడా వాయుసేన లాంకాస్టరులను సముద్రపు కావలికి, ఉత్తరధ్రువ ప్రాంతముల సర్వేకు 1964 వరకు వాడుకొన్నది. ఫ్రాన్సు నౌకాదళమువారు 54 తీసికొనిరి; పసిఫిక్ దీవియైన న్యూకలెడోనియాలో ఫ్రెంచివారి లాంకాస్టరులు 1964 వరకు ఎగురుచుండెను. అర్జెంటీనావారును, ఈజిప్టువారును కొన్నిటిని కొనిరి. మన పొరుగున క్రొత్తగా ఏర్పడిన పాకిస్తాను హాలిఫాక్సు బాంబరులను తెప్పించుకొనెను. ఇవన్నియు సేనల సంగతులు.

పౌర విమానములవారి కథ మరింత విచిత్రమైనది. యుద్ధము ముగియుచున్నప్పుడు ఇంగ్లండునకు దూరప్రయాణపు విమానములు లేవు. అంతవరకు బ్రిటిషువారు బాంబరులనే చేసికొనుచుండగా రవాణా విమానములను అమెరికావారు చేయుచుండిరి. అందుచేత లాంకాస్టరు ముక్కుననున్న తుపాకి గూటిని తీసివేసి, తోకనున్న గూటిని మూసివేసి, లోపల కొన్ని ఆసనములు అమర్చి లాంకాస్ట్రియను అని పేరు పెట్టిరి. 1945 మే 31వ తేదీనుండి ఇంగ్లండునుండి సిడ్నీకి వీనిని నడపిరి. దారిలో కరాచీ, సింహళములోని రత్మలాన మజిలీలు. ఎంతమందిని ఎక్కించుకొనెడివో ఊహింపుడు: తొమ్మండుగురు! నాలుగు ఇంజనులు, అన్ని వేల గాలనుల పెట్రోలు, తొమ్మండుగురు ప్రయాణికులు. వారును ఒక ప్రక్కగా, బల్లమీద వరుసగా కూర్చుండవలెను. రాత్రివేళ అదియే పడకయగును. లోపలి గాలిపీడనమును సరిచేయు ఏర్పాటు లేదు. ఇంజనుల హోరునకు చెవులు గళ్లుపడెడివి. బస్తా మోయుటకు కట్టిన బండిలో పెండ్లివారిని ఎక్కించినట్లుండెను. లాభము వచ్చు మార్గమే లేదు. యుద్ధపు వెనువెంట తొందరయున్న అధికారులకు, ఉత్తరముల సంచులకు మాత్రము అది పనికివచ్చినది.

దక్షిణ అమెరికాకు ఈ విమానములనే నడపిన కంపెనీ ఒకటి ఉండెను. వారి స్టార్‌డస్ట్ అను లాంకాస్ట్రియను 1947 ఆగస్టు 2వ తేదీన పదకొండుగురితో ఆండీసు పర్వతములలో మాయమైనది. మేము రేడియోవారము గనుక ఈ సంగతిని విడువలేకున్నాము. ఆ విమానపు రేడియో ఉద్యోగి చివరి సందేశముగా మోర్సు సంకేతములలో "స్టెండెక్" అని పంపెను. దిగువనున్నవాడు అర్థము కాక మరల అడిగెను. మరల అదే మాట వచ్చెను. మూడవసారియు అదే మాట. తరువాత నిశ్శబ్దము. ఆ మాటకు అర్థమేమో నేటికిని ఎవరును తేల్చలేదు. అర్ధశతాబ్దము గడచిన పిమ్మట హిమానీనదము తన కడుపులోనుండి ఇంజను ముక్కలను వెలుపలికి త్రోసినప్పుడు మాత్రమే విమానము ఎక్కడ పడినదో తెలిసెను.

లిబరేటరులను కూడ పౌరసేవకు వాడిరి. 1944 నుండి క్వాంటాసు కంపెనీవారు పెర్తునకును సింహళమునకును మధ్య వీనిని నడపిరి. అమెరికానుండి బాంబరులను ఇంగ్లండునకు తోలుకొనివచ్చిన పైలట్లను మరల అట్లాంటిక్ దాటించి పంపుటకు 1941 నుండియే లిబరేటరులను వాడుచుండిరి. ఆ ప్రయాణములో వారు బాంబుల అరలో నేలపై పరుపులు పరచుకొని, కంబళ్లు కప్పుకొని, చలికి వణకుచు పడుకొనెడివారు. చర్చిలుగారి సొంత విమానము "కమాండో" సైతము లిబరేటరే. 1945 మార్చిలో అది అట్లాంటిక్ మీద జాడ తెలియకుండ పోయినది. ఆ దినమున ఆయన అందులో లేరు.

ఇట్లు లాభము రాని ఆ లాంకాస్ట్రియనులను కంపెనీలు రెండుమూడేండ్లలోనే వదలించుకొనజూచినవి. చౌకగా అమ్మకమునకు వచ్చినవి. చౌకగా వచ్చిన వస్తువునకు ఏదో ఒక కొనుగోలుదారుడు దొరకకపోడు. అట్లు దొరికినవాడు సిడ్నీ కాటన్.

ఈ కాటన్ ఆస్ట్రేలియా దేశస్థుడు, 1894లో జన్మించినవాడు. మన గోదావరి కాటన్ దొరగారికిని ఇతనికిని ఏ సంబంధమును లేదని ముందే మనవి చేయుచున్నాము! ఇతడు సాహసి, తెలివిగలవాడు, ఎవరి ఆజ్ఞకును లోబడనివాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున పైలట్లకు చలిని ఆపు ఒక దుస్తును కనిపెట్టెను. 1939లో, రెండవ యుద్ధమునకు కొంచెము ముందు, వ్యాపారి వేషమున జర్మనీ మీద విమానమున తిరుగుచు దాచియుంచిన కెమెరాలతో రహస్యముగా ఛాయాచిత్రములు తీసెను. బ్రిటిషువారి ఆకాశ ఛాయాచిత్ర విభాగమునకు అతడే ఆద్యుడు. కాని పై అధికారులతో పొసగక 1940లోనే తొలగింపబడెను.

1947 నవంబరులో భారత ప్రభుత్వమునకును నిజాము ప్రభుత్వమునకును ఒక సంవత్సరమునకు యథాతథపు ఒడంబడిక జరిగినది. కాని ఏ పక్షమునకును రెండవ పక్షముపై నమ్మకము లేదు. సంస్థానములో రజాకార్ల దౌర్జన్యము ఒకవైపు, తెలంగాణ పల్లెలలో రైతుల పోరాటము మరియొకవైపు. సరిహద్దులలో సరుకుల రాకపోకలను భారత ప్రభుత్వము బిగించినది. హైదరాబాదు సైన్యమునకు తుపాకులు, మందుగుండు కావలసియుండెను. సముద్రతీరము లేని సంస్థానము, చుట్టును భారతదేశము. మార్గము ఆకాశమొక్కటే. ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ ప్రభుత్వముతో కాటన్ బేరము కుదుర్చుకొని, లాంకాస్ట్రియనులను కొని, కరాచీని స్థావరముగా చేసికొనెను.

ఇందుకు బాంబరు బిడ్డనే ఏల ఎన్నుకొనెను? దీనిలో ఒక లెక్క ఉన్నది. కరాచీనుండి బీదరు సుమారు 1,300 కిలోమీటరులు. పోవుటకును వచ్చుటకును కలిపి 2,600. నిండు బరువుతో డకోటా వంటి విమానము ఈ దూరమును దారిలో పెట్రోలు పోసికొనకుండ పోయిరాజాలదు. పెట్రోలు హైదరాబాదులో దొరకునది కాదు. అదియే అచ్చట కరవు. లాంకాస్ట్రియనో, ఒక్క బిగిని 6,000 కిలోమీటరులకు పైగా పోగలదు. రాత్రివేళ చీకటిలో, దీపములు లేకుండ, చుక్కలను చూచి త్రోవ పట్టు విద్య లాంకాస్టరుతో పుట్టిన విద్యయే. అప్పటికి మన వాయుసేనకు రాత్రి వేటకు తగిన రాడారు గల విమానములు లేవు. పగలు ఎగురు టెంపెస్టులు, స్పిట్‌ఫైరులు చీకటిలో ఏమి చేయగలవు?

ఆ విమానములు బీదరు, వరంగల్లు విమానస్థలములలో దిగినవి. వరంగల్లు వద్దనున్న మామునూరు విమానస్థలము నిజాము కాలమున వేయించినది. పౌరవిమానములకని వేసిన ఆ నేలమీదికి తుపాకి పెట్టెలు దిగినవి. తాను దిగ్బంధమున ఉన్న ప్రజలకు మందులు కూడ తెచ్చితినని కాటన్ తరువాత చెప్పుకొనెను. మందులు కొన్ని వచ్చియుండవచ్చును. కాని అంత ధనము, అంత చీకటి మందులకొరకు కాదు.

మరియొక వింత. అదే 1948 వేసవిలో రష్యనులు బెర్లిను నగరమునకు దారులన్నియు మూసివేసిరి. అచ్చటి ప్రజలకు తిండి, బొగ్గు, పెట్రోలు ఆకాశమార్గముననే అందింపవలసి వచ్చెను. జూలై నెలనుండి ఆ నగరమునకు పెట్రోలు మోసిన పౌరవిమానములలో లాంకాస్ట్రియనులు ఉండెను. ఒకే విమానము, ఒకే సంవత్సరము. అచ్చట దిగ్బంధమున చిక్కిన నగరమునకు దీపపు నూనె వంటిది మోసెను. ఇచ్చట ఒక నవాబుగారి ప్రభుత్వమునకు తుపాకులు మోసెను. మూడేండ్ల క్రితము బాంబులు వేసిన ఆ బెర్లిను మీదనే దిగి, ఆ పిల్లలకే సరుకు అందించిన పైలట్లును ఉండిరి. యంత్రమునకు పాపపుణ్యములు లేవందురు. మాకు మాత్రము అది అంత తేలికగా ఒప్పుకొనదగిన మాట కాదనిపించును. దానిని కొన్నవానికి, అమ్మినవానికి, ఎగుటకు సెలవిచ్చిన అధికారికి కూడ పాలు కలదు గదా.

భారత ప్రభుత్వము బ్రిటిషు ప్రభుత్వముతో మొరపెట్టుకొనెను. ఈ లోపల సెప్టెంబరు 13వ తేదీన భారత సేనలు సంస్థానములోనికి ప్రవేశించినవి. మొదటి దినములలోనే టెంపెస్టు విమానములు బీదరు, వరంగల్లు విమానస్థలములపై దాడి చేసినవి. దానితో కరాచీ దారి మూసికొనిపోయెను. 17వ తేదీన నిజాముగారు దక్కను రేడియోలో యుద్ధవిరమణను ప్రకటించిరి. మరునాడు హైదరాబాదు సేనాపతి ఎల్ ఎద్రూసు మేజరు జనరలు చౌదరి ఎదుట లొంగిపోయెను. కాటన్‌కు ఇంగ్లండు న్యాయస్థానము వేసిన శిక్ష ఏమో తెలియునా? 200 పౌనుల జరిమానా!

ఇప్పుడు మరియొక పట్టణమునకు పోవుదము. ఆ సంవత్సరముననే, కాన్పూరులో.

అమెరికావారు యుద్ధకాలమున బ్రిటిషువారికి లిబరేటరులను అమ్మలేదు, ఎరువిచ్చిరి. ఎరువుసొమ్ము బరువుచేటని మన సామెత. యుద్ధము ముగియగానే వానిని తిరిగి ఇచ్చివేయవలెను, లేక మరల పనికిరాకుండ చేయవలెను. బ్రిటిషువారు భారతదేశమునందలి తమ లిబరేటరులను కాన్పూరు వద్దనున్న చకేరి విమానస్థలమునకు చేర్చి పాడు చేసిపోయిరి. కొన్నిటిని యంత్రములతో కుళ్లబొడిచిరి. కొన్నిటి పరికరములను సమ్మెటలతో పగులగొట్టిరి. ఇంజనులలో ఇసుక పోసిరని కూడ చెప్పుదురు. అవి ఎండకు ఎండుచు, వానకు తడియుచు రెండేండ్లకు పైగా పడియుండెను. రెక్కలలో పక్షులు గూళ్లు పెట్టెను.

స్వతంత్రమైన దేశమునకు అప్పుడు ఒక్క పెద్ద బాంబరైనను లేదు. కాశ్మీరమున యుద్ధము జరుగుచున్నది. క్రొత్త విమానములు కొనుటకు ధనము లేదు; ధనమున్నను అమ్మువారు వెంటనే అమ్మరు. ఈ శవములలో ప్రాణమున్నదేమో చూడుడని బెంగుళూరులోని హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్టు సంస్థవారిని ప్రభుత్వము కోరెను. ఇది సాధ్యము కాదని విదేశపు నిపుణులు చెప్పిరట. బెంగుళూరువారికి సాధ్యమైనది. కారణము అదృష్టము కాదు. వాల్‌చంద్ హీరాచంద్ 1940లో స్థాపించిన ఆ కర్మాగారమును యుద్ధకాలమున అమెరికా వాయుసేనవారు తమ మరమ్మతుల డిపోగా వాడుకొనిరి. అక్కడి భారతీయ పనివారు వందలకొలది అమెరికా విమానములను విప్పి, తుడిచి, మరల బిగించిరి. లిబరేటరు నరములన్నియు వారి చేతులకు తెలియును. అమెరికావారు వెళ్లిపోవునప్పుడు యంత్రములను లెక్కపెట్టుకొని పోయియుందురు. పనివాని వ్రేళ్లలోనున్న విద్యను ఎవరు లెక్కపెట్టి తీసికొనిపోగలరు?

పనివారు కాన్పూరు వచ్చి, ఒకదానిలో చెడినదానిని విడిచి, మరియొకదానిలో మంచిదానిని తీసి, ఎట్లో ఒక విమానమును ఎగురునంతమాత్రము చేయుదురు. పూర్తిగా బాగుచేయుట కాదు; బెంగుళూరు చేరినంత చాలును. దానిని నడపి తీసికొనిపోవువాడు ఆ సంస్థ పరీక్షా పైలటు జంషెడ్ మున్షీ. పరికరములు కొన్ని పనిచేయవు. ఇంజను ఎప్పుడు ఆగునో తెలియదు. క్రింద దారిపొడవున అడవులు, వింధ్యపర్వతములు. అట్లు ఒకటి కాదు, రెండు కాదు, ఇంచుమించు 40 విమానములను ఆయన కాన్పూరునుండి బెంగుళూరునకు చేర్చెను. ఒక్కటియు కూలలేదు. తరువాత 1951లో మన దేశమున రూపొందిన మొదటి శిక్షణ విమానము హెచ్‌టి-2ను తొలిసారి ఎగురవేసినవాడు కూడ ఆయనయే. ఈ పేరు మన పాఠ్యపుస్తకములలో ఎందును మాకు కనబడలేదు.

1948 నవంబరు 2వ తేదీన కాన్పూరులో మన వాయుసేన 5వ స్క్వాడ్రను ఈ లిబరేటరులతో పుట్టెను. అనగా మామునూరులో లాంకాస్ట్రియను మోత ఆగిన రెండు నెలలలోపల. తరువాత 16వ స్క్వాడ్రను, 6వ స్క్వాడ్రను వీనిని పుచ్చుకొన్నవి. 1957నుండి జెట్ బాంబరులైన కాన్‌బెర్రాలు రాగా బాంబులు వేయు పని వానికి పోయెను. 6వ స్క్వాడ్రను లిబరేటరులు మాత్రము పూనానుండి సముద్రపు కావలి కాయుచు నిలిచినవి. పొట్టక్రింద తుపాకి గూడు ఉండిన చోట రాడారు పెట్టిరి. మన దేశమున లిబరేటరు బాంబులకంటె దాని కన్నులకే ఎక్కువ పని కలిగినది. గంటలకొలది అరేబియా సముద్రము మీద తిరుగుచు ఓడలను లెక్కపెట్టుట అంత వినోదకరమైన పని కాదు. ఐనను దేశమునకు అదియు కావలెను.

సికిందరాబాదునకు ఈశాన్యమున, నేరేడుమెట్టు దాటిన పిమ్మట సైనిక్‌పురి కలదు. దక్షిణముగా నాచారము, ఉప్పలు. ఉత్తరముగా హకీంపేట విమానస్థలము. పేరులోనే ఉన్నట్లు సైనికులు విశ్రాంతి పొందుటకు ఇండ్లు కట్టుకొనిన చోటు. 1970లో స్థాపింపబడిన రక్షణ నిర్వహణ కళాశాల కూడ ఇచ్చటనే ఉన్నది. ఇప్పుడు దుకాణములును, వాహనములును క్రిక్కిరిసిన పేటయైనను, లోపలి వీథులలో వేపచెట్ల నీడను, గేటు ప్రక్కన హోదాతో కూడిన పేరు పలకలను చూడవచ్చును. ఈ ప్రసంగమును సిద్ధము చేయునప్పుడు అచ్చటి ఒక పెద్దాయనను కలిసికొంటిమి. గుంటూరు జిల్లానుండి పదునెనిమిదవ యేట వాయుసేనలో చేరి, మెకానిక్కుగా కొంతకాలము పూనాలో లిబరేటరుల క్రింద పనిచేసినవారు. ఎనుబదేండ్లు దాటినను వ్రేళ్లు మాటలతోపాటు కదలుచునే యున్నవి.

"ఏమండీ, ఆ విమానము మంచిదేనా?" అని అడిగితిమి.

"మంచిదేమిటి బాబూ, మొండిది," అనిరి. "ఎక్కడ చూచినా పెట్రోలు కారేది. బాంబుల అరలో వాసనకి కళ్లు తిరిగేవి. అందుకని ఎగిరేటప్పుడు ఆ తలుపు కొంచెం తెరిచి ఉంచేవాళ్లు, గాలి ఆడాలని. తలుపంటే మామూలు తలుపు కాదు, కొట్టుకి వేసే షట్టరులాగ పైకి చుట్టుకునేది. మధ్యలో నడవడానికి జానెడు వెడల్పు బాట. చేతిలో పానా పట్టుకొని దానిమీద నడవాలి."

"భయము వేసెడిది కాదా?"

"నేలమీద ఉన్నవాణ్ణి, నాకేం భయం? ఎక్కేవాళ్లకే. రెక్క పైన ఉంటుంది కదా, సముద్రంలో దింపితే పొట్ట పగిలిపోతుందని అందరికీ తెలుసు. వాళ్లు చూసేదేమో సముద్రమే! విమానం వెళ్లిన తరువాత వచ్చేదాకా మేము టీ తాగేవాళ్లం కాదు బాబూ. కొందరు తాగేవారులెండి. నేను తాగేవాణ్ణి కాదు."

దానికి విడిభాగములు ఎట్లు దొరికెడివని అడిగితిమి. ఆయన నవ్వి, "దొరికేవి కావు. చేసుకునేవాళ్లం," అనిరి. మఱి మాటాడక, మా టీ చల్లారుచున్నదని జ్ఞాపకము చేసిరి.

ఆ స్క్వాడ్రనుకే 1961, 62 సంవత్సరములలో మరియొక విమానము చేరెను. అది సూపరు కాన్‌స్టెలేషను. ఎయిరిండియావారు లండనునకు ప్రయాణికులను తీసికొనిపోయిన సొగసైన విమానము. జెట్లు వచ్చినందున వారు దానిని వదలుకొనగా వాయుసేన తీసికొన్నది. ఇంగ్లండులో బాంబరు ప్రయాణికుల విమానమయ్యెను. పూనాలో ప్రయాణికుల విమానము సేనలో చేరి, ముసలి బాంబరు ప్రక్కన నిలువబడెను.

1968 చివర మన వాయుసేన లిబరేటరులకు విశ్రాంతి నిచ్చెను. అప్పటికి ప్రపంచమున ఏ సేనయందును లిబరేటరు ఎగురుటలేదు. అమెరికాలో వేలకొలదిగా పుట్టినవి ఏనాడో కరగిపోయినవి. అందుచేత ఇతర దేశముల మ్యూజియములవారు మన దేశమునకు రాసాగిరి. కాన్పూరు కుప్పలనుండి మన పనివారు లేపిన విమానములలో ఒకటి కెనడా రాజధాని ఒట్టావాలో ఉన్నది. ఒకటి 1969లో అమెరికాలోని టూసాను పట్టణమునకు ఎగిరిపోయి అచ్చటి మ్యూజియమున నిలిచినది. మరియొకదానిని అమెరికాలో ఒక సంస్థవారు సంవత్సరములకొలది శ్రమించి బాగుచేయగా 1989లో మరల ఎగిరినది. మనవారు దాచుకొన్నది ఒకటి ఢిల్లీ పాలం మ్యూజియమున ఉన్నది.

1974లో ఒకదానిని మన వాయుసేనవారు బ్రిటిషు వాయుసేన మ్యూజియమునకు కానుకగా నిచ్చిరి. అది బ్రిటిషువారు పోవుచు పోవుచు చంపి విడిచిపోయిన వానిలోనిదే. ఆ మ్యూజియమువారి సేకరణలో లాంకాస్టరు కూడ ఉన్నది. దానితోపాటు 1918 నాటి చిన్న బాంబరు ఒకటి కలదు. అది డిహెచ్-9ఏ అను విమానము, మన నిజాముగారి ధనముతో కొనబడినది. ఆ దానమునకు గుర్తుగా బ్రిటిషు 110వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరే పెట్టిరి. ఈ విమానము 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనుల చేత చిక్కి, బెర్లినులో ప్రదర్శనకు నిలిచి, రెండవ యుద్ధమున పోలండు చేరి, తుదకు 1977లో ఒక స్పిట్‌ఫైరుకు మారుగా ఇంగ్లండునకు తిరిగి వచ్చెను. దాని ప్రక్కభాగమున హైదరాబాదు నిజాముగారి కానుక అని వ్రాసిన అక్షరములు నేటికిని చదువవచ్చును.